ఎడమచేతి బొంత

ఈ వీధిలో ఏ ఇంట్లోనూ ఇకమీదట బజారులో కొన్న వస్తువు కనిపించరాదని ఎవరూ తీర్మానం చేయలేదు. అయినా ఆ తీర్మానాన్ని అందరూ తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నారు. సబ్బు, కొవ్వొత్తి, తలనూనె, బల్లమీది గుడ్డ, గోడమీది బొమ్మ అన్నీ మూడు నిమిషాల్లో ఇంట్లోనే చేసుకోవచ్చని ఫోనులో చూపించారు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ పొద్దున లేచింది మొదలు ఆ మూడు నిమిషాల పనులే జరుగుతున్నాయి.

మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు, మెట్లకు ఎదురుగా ఉన్న ఇల్లు ఈ ఉద్యమంలో అందరికంటే ముందుంది. ఆ ఇంటి కోడలికి సొంత చానెల్ ఉంది. పారేయాల్సిన వస్తువేదీ ఆ ఇంటి గడప దాటదు. ఖాళీ సీసాలు దీపాలయ్యాయి. దీపాలు పగిలాక గాజుపెంకుల నెమలి అయింది. నెమలి జారిపడ్డాక ఇంటాయన పాదానికి నాలుగు కుట్లు అయ్యాయి. పాత పేపర్లతో అల్లిన బుట్ట కూడా ఒకటుంది. చూడముచ్చటగా ఉంటుంది. అందులో పాత పేపర్ల కంటే బరువైనదేదీ పెట్టకూడదు, అంతే.

వంటలోనూ వెనకబడలేదు. గుడ్డు లేకుండా, మైదా లేకుండా, వెన్న లేకుండా, ఓవెన్ లేకుండా చేసిన కేకును కోడలు మూడంతస్తులకూ పంచింది. రుచి కూడా లేకుండా చేయగలిగినందుకు అందరూ మనసారా అభినందించారు. బీట్‌రూట్‌తో పెదవుల రంగు చేసింది. అది పెదవులకు పావుగంట, కాఫీ కప్పులకు శాశ్వతంగా అంటుకుంది.

ఆమె భర్త రైల్వేస్టేషన్లో విచారణ కౌంటరులో కూర్చునే ఉద్యోగి. మెరుపు కోసం ఆయన మొహానికి పంచదార, కాఫీపొడి కలిపి రుద్దితే చీమలు ఆయన్ని బస్టాపు దాకా సాగనంపాయి. జుట్టు కోసం ఉల్లిపాయరసం పట్టించాక కౌంటరు ముందు జనం ప్రశ్నలు క్లుప్తంగా అడగడం నేర్చుకున్నారు. కొందరైతే జవాబు వినకుండానే వెళ్ళిపోయేవారు. క్యూ ఇంత త్వరగా కదలడం తన సర్వీసులో చూడలేదని పై అధికారి ఆయన్ని మెచ్చుకున్నాడు.

ఇంత ప్రగతి జరుగుతున్న ఆ ఇంట్లో కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉండేది. ఇంట్లోవాళ్ళకు నాన్నమ్మ, బయటివాళ్ళకు కుట్టు టీచరు. ముప్పైరెండేళ్ళు బాలికల పాఠశాలలో కుట్టుపని నేర్పింది. అంటే ఆమెకు ఆ పని నిజంగా వచ్చు. ఉద్యమంలో ఆమెకు చోటు లేకపోవడానికి కారణం కూడా అదే. ఆమె ఏ పనీ మూడు నిమిషాల్లో చేయలేదు, చేస్తూ పాట పెట్టదు, అయిపోయాక ఫోనుకేసి చూసి నవ్వదు.

నాన్నమ్మకు భయాలెక్కువ. కొడుకు పది నిమిషాలు ఆలస్యమైతే బాల్కనీలో నిలబడుతుంది. సూట్‌కేసు అటకమీంచి దిగిందంటే అన్నం సయించదు. ఎవరు ఊరు దాటి వెళ్తున్నా ఆమె చేసేది ఒక్కటే, ఆ ఇంటి పాతబట్టలు ముక్కలు కత్తిరించి బొంత కుట్టి ఇవ్వడం. పెళ్ళై వెళ్ళిన చెల్లెలికి ఇచ్చింది. పనికోసం వెళ్ళిన తమ్ముడికి ఇచ్చింది. ఆసుపత్రికి వెళ్ళిన భర్తకు ఇచ్చింది. ఆమె బొంత తీసుకున్నవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. అది బొంత తప్పు కాదని ఆమెకూ తెలుసు. కానీ ఒక్కటి మాత్రం నిజం. ఆ బొంతలేవీ ఊడిపోలేదు. వరస చివర దారాన్ని వెనక్కి తిప్పి, రెండు చుట్లు చుట్టి ఆమె వేసే ముడి ఎన్ని ఉతుకులకైనా కదలదు. ఆ ముడి ఆమె అమ్మ నేర్పింది. తను ఇంకెవరికైనా నేర్పాలి.

ఇప్పుడు మనవరాలికి రైలులో ఒక రాత్రీ ఒక పూటా దూరమున్న ఊళ్ళో, ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఆదివారం ప్రయాణం. బొంత ఈలోగా పూర్తి కావాలి. ముడి ఈలోగా నేర్పాలి. నాన్నమ్మకు ఉన్న పనల్లా ఈ రెండే. రెండూ కష్టమే. పాతబట్టల పెట్టె మీద కోడలి చానెల్‌కు సర్వహక్కులూ ఉన్నాయి. నాన్నమ్మ భర్త చొక్కా ఒకటి అప్పటికే కుండీ కింద వేసే పట్టా అయిపోయింది. మిగిలిన రెండు చొక్కాల్నీ, మనవరాలి చిన్నప్పటి స్కూలు యూనిఫాం జేబునీ నాన్నమ్మ దొంగసొత్తులాగా దిండుకింద దాచి కుట్టుకొచ్చింది.

బుధవారం నుంచీ మనవరాల్ని బతిమాలుతూనే ఉంది.

"ఒక్క అరగంట నా పక్కన కూర్చో తల్లీ. ఈ ముడి చూపిస్తాను. రేపు ఎక్కడైనా పిగిలితే నువ్వే వేసుకోవచ్చు."

"నెట్‌లో చూసుకుంటాలే నాన్నమ్మా," అంది మనవరాలు ఆమె బుగ్గ గిల్లి. "నువ్వు కళ్ళు పాడుచేసుకోకు."

ప్రేమగానే అంది. ఆ రోజు ఆ పిల్ల అవిసెగింజల జిగురు జుట్టుకు పట్టించుకుని, అది ఎండి తలుపు గొళ్ళెంలా బిగుసుకుపోయేసరికి, కడుక్కునే పనిలో ఉంది.

శుక్రవారం నాడు కోడలికి చానెల్‌లో పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంట్లో పాతవన్నీ కొత్తవైపోయాయి. కొత్తవి ఇంకా పాతబడలేదు. అలాంటి సంక్షోభంలో ఆమె చూపు కిటికీ పక్కన కుడుతున్న అత్తగారి మీద పడింది. కోడలు చెడ్డమనిషి కాదు. నిజంగానే ముచ్చటపడింది.

"అత్తయ్యా, దీన్ని తీద్దాం. చేతులు మాత్రమే. మొహం కనబడితే చూసేవాళ్ళు వెళ్ళిపోతారు. మీదని కాదు, పెద్దవాళ్ళ మొహం ఎవరిదైనా అంతే."

తీసుకో, కానీ నీ కూతుర్ని ఒక అరగంట నా పక్కన కూర్చోబెట్టు అని నాన్నమ్మ షరతు పెట్టింది. కోడలు ఒప్పుకుంది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, బొమ్మ సరిగా వస్తోందో లేదో తనకు కనబడాలని అత్తగారి పక్కనే కూర్చుని తెర తమవైపు తిప్పి, సెల్ఫీలు తీసుకునే కెమెరాతో తీసింది. వెలుతురు చాల్లేదని వరస విప్పించి మళ్ళీ కుట్టించింది. ప్రెషర్ కుక్కర్ కూతేసిందని ఇంకోసారి విప్పించింది. ముడి త్వరగా అయిపోయిందని మూడోసారి. ఆ విధంగా శుక్రవారం, శనివారం గడిచేసరికి బొంత పెరగడానికి బదులు నాలుగు వరసలు తగ్గింది. ఆ రెండు రోజులూ మనవరాలు స్నేహితులకు వీడ్కోలు చెప్పడానికి తిరుగుతూ ఇంటిపట్టున లేదు. అరగంట ఊసు ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తున్న ఒక్క మనిషికీ అడగడానికి మొహమాటమేసింది.

ఆదివారం మనవరాలు వెళ్ళిపోయింది. బొంత పార్సిల్ చేయమంది. నాన్నమ్మ మెట్ల మలుపు దాకా వెళ్ళి, చక్రాల సూట్‌కేసు చప్పుడు గేటు దాటేదాకా విని, లోపలికొచ్చి సూదిలో దారం ఎక్కించుకుంది. మంగళవారానికి బొంత పూర్తయింది. చివరి మూలన ఒక్క ముడి మాత్రం వేయకుండా ఆపింది. వేస్తే అయిపోతుంది. అయిపోతే ఎలాగో ఆమెకు తెలియలేదు.

ఇక వీడియో సంగతి. కోడలు దానికి హంగులన్నీ చేసింది. చర్మం నున్నగా కనబడే సదుపాయం ఒకటి ఫోనులోనే ఉంది. అది నొక్కగానే డెబ్బైనాలుగేళ్ళ చేతులు పాతికేళ్ళవైపోయాయి. నీరుకావి చొక్కాముక్కలు పచ్చగా మెరిశాయి. మూడు వందల పన్నెండు మంది చూశారు. అందులో చాలాసార్లు చూసింది కోడలే.

తర్వాత ఎవరో దాన్ని ఎత్తుకుపోయి, వేణువు కలిపి, ఇంకో పేరుతో పెట్టుకున్నారు. దాన్ని పదకొండు లక్షలమంది చూశారు. చూసినవాళ్ళు చిన్నవిషయం ఒకటి కనిపెట్టారు. ఆ అమ్మాయి కుట్టేది ఎడమచేత్తో. సెల్ఫీ కెమెరా అద్దంలాగా కుడిని ఎడమ చేస్తుందన్న సంగతి పదకొండు లక్షలమందిలో ఎవరికీ స్ఫురించలేదు. ఎందుకు స్ఫురించాలి? రహస్యం అంటూ ఒకటి దొరికాక కారణంతో ఎవరికి పని? ముడి ఊడకపోవడానికి ఎడమచేయే కారణమని తేలిపోయింది. ఎడమచేయి గుండెకు దగ్గర గనుక దారానికి ఆప్యాయత అందుతుందని ఒక నిపుణుడు వివరించాడు. ఆయన అంతకుముందు అరటితొక్కతో బూట్ల పాలిష్ నిపుణుడు.

వీధి మొత్తం ఎడమచేతికి మారింది. భవన నివాసుల సంఘం అధ్యక్షుడు, ఉద్యోగంలో ఉన్నంతకాలం సంతకాలు తప్ప మరేదీ చేతితో చేయనాయన, పార్కింగు స్థలంలో ఎడమచేతి కుట్టు శిబిరం ప్రారంభించాడు. వేదికమీద పాత టైరుతో ఇంట్లోనే చేసిన కుర్చీ వేశారు. అందులో కూర్చోవడం సులువు.

"సోదరసోదరీమణులారా, ఇన్నాళ్ళూ మనం కుడిచేతి బానిసత్వంలో మగ్గాం," అన్నాడాయన అందులోంచే. "మన పెద్దలు తరతరాలుగా తప్పు చేత్తో కుట్టారు. వాళ్ళ అజ్ఞానాన్ని మనం క్షమించాలి."

చప్పట్లు మోగాయి. ఆయన్ని కుర్చీలోంచి లాగడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఇరవైఆరుమంది కుట్టడానికి కూర్చుంటే గంటలో నలభై వేళ్ళకు సూదులు దిగాయి. గాయాలకు ఇంట్లో చేసిన మందు రాశారు. ఆ మందుకు పుట్టిన మంటకు ఇంట్లో చేసిన ఇంకో మందు రాశారు. శిబిరం విజయవంతంగా ముగిసింది.

నాన్నమ్మ కూడా చివరి వరసలో కూర్చుంది. సూది కుడిచేత్తో పట్టుకున్నందుకు పక్కింటి కోడలు ఆమె చేతిలోంచి దాన్ని సుతారంగా తీసి, ఎడమచేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక నాన్నమ్మ కొడుకుతో అసలు సంగతి ఆ వీడియో కింద రాయించింది. "అమ్మా, ఈ చేతులు నావి. నేను కుట్టింది కుడిచేత్తో. ఫోను తిరగేసి చూపిస్తోంది." సాయంత్రానికి అరవై జవాబులొచ్చాయి. పెద్దవారంటే గౌరవం ఉంది గానీ తెలియని విషయాల్లో తలదూర్చకండి అన్నారు. వీడియో ఇంకోసారి శ్రద్ధగా చూసి నేర్చుకోండి అన్నారు. ఈ వయసులో పేరు కోసం ఇంత పాకులాట దేనికి అన్నారు.

"పోనీ అత్తయ్యా, వదిలేయండి," అంది కోడలు తలవంచుకుని. "ఇప్పుడు కుడిచెయ్యంటే ముడి ఊడిపోతుందేమోనని అందరూ భయపడతారు." శిబిరంలో వందనసమర్పణ చేసింది తనేనన్న సంగతి ఆమె ఎత్తలేదు.

నెల తిరిగేసరికి మనవరాలు ఫోనులో కనిపించింది. తల్లుల చానెళ్ళు పిల్లలు చూడరన్నది అందరికీ తెలిసిందే. ఆమెకు చేరింది వేణువు కలిపిన వీడియోయే. మొహం చిక్కింది, కళ్ళకింద నలుపు. కానీ చేతిలో దిండంత బొంతముక్క ఒకటి పట్టుకుని చూపిస్తోంది.

"నాన్నమ్మా, ఇది నేనే కుట్టాను తెలుసా? ఎడమచేత్తో. ఒకావిడ వీడియో ఉంది. మొదట్లో రూములో ఒక్కదాన్నీ నిద్ర పట్టేది కాదు. ఆవిడ చేతులు చూస్తుంటే పట్టేది. ఎందుకో మరి. నలభైసార్లు చూసుంటాను. ముడి చూడు, లాగినా రాదు."

నాన్నమ్మ చూసింది. రెండు చుట్లు, వెనక్కి తిప్పి. అద్దంలో చూసుకున్నట్టుంది అమ్మ నేర్పిన ముడి.

"బాగుంది తల్లీ. ఎవరో మంచి టీచరు."

"నీ పద్ధతి కూడా మంచిదేలే. కానీ ఇది వేరు. వచ్చే శనివారం రెండు రోజులు సెలవు పెట్టి వస్తున్నా. నీకు నేర్పిస్తాను. ఒక్క అరగంట నా పక్కన కూర్చో, చాలు."

ఆ వారమంతా నాన్నమ్మకు అన్నం సయించింది. పూర్తి కాని మూలతో సహా బొంతను మడిచి దగ్గర పెట్టుకుంది. శనివారం మనవరాలు వచ్చి స్నానమైనా చేయకుండా ఆమెను ఆనుకుని కూర్చుంది. ఆమె చేతిమీద చేయివేసి సూదిని ఎడమకు మార్చింది. నాన్నమ్మ మొదటి చుట్టు తప్పు వేసింది. రెండోది వదులు వేసింది. వెనక్కి తిప్పాల్సినచోట ముందుకి తిప్పింది. అరగంట గంటయింది. గంట పూటయింది. భోజనాలయ్యాక మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టారు. మనవరాలు విసుక్కోలేదు. ఆసుపత్రి కబుర్లు, రూము కబుర్లు, ఎవరికీ చెప్పనివి రెండు మూడు, అన్నీ చెప్తూ దారం విప్పి మళ్ళీ చూపించింది.

నాన్నమ్మకు ఆ ముడి ఆదివారం మధ్యాహ్నం దాకా రాలేదు. రైలుకు టైమవుతోందని చివరికి మనవరాలే ఆ మూల ముడి వేసి, బొంత మడిచి సూట్‌కేసులో పెట్టుకుంది.

మూడు నిమిషాల్లో ఊరంతా నేర్చుకున్న విద్య ఈవిడకు రెండు రోజులైనా ఎక్కలేదని భవనంలోవాళ్ళంతా జాలిపడ్డారు. పెద్దవాళ్ళకు ఎంత చెప్పినా బుర్రకెక్కదని మీ ఇంట్లో కూడా అనుకునే ఉంటారు. ఎన్నాళ్ళనుంచి ఎక్కడంలేదో, ఎవరు పక్కన కూర్చున్నప్పుడు ఎక్కడంలేదో ఒకసారి చూసుకోండి. అరగంట చాలు.