ఎలాదియోను ఎవరూ అడగకపోవడం వల్ల కలిగిన మేలు

ఎక్కడ ఆడాలని ఉందో ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ఎన్నడూ అడగకూడదు. అడిగితే చెడిపోతాడు.

ఒక్కసారి నిదానంగా చూడండి. అడిగామంటే అతను ఆలోచించాలి. ఆలోచిస్తే నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే మర్నాడు బంతి అతని కాళ్ళ మధ్యనుంచే గోల్‌లోకి పోతుంది. ఇంత అనర్థం మనకెందుకు?

నమ్మకం కుదరనివారి కోసం మా బావ ఎలాదియో బుస్తోస్ సంగతి చెబుతాను. మా అక్క ఎర్లిందా మొగుడు. మా ఊరు సాంతా రూఫీనాలోనే పుట్టి, ఇక్కడి కుమ్మరుల జట్టులోనే ఆట మొదలుపెట్టిన డిఫెండర్. ఒక్క గోలూ కొట్టినవాడు కాదు. కొట్టబోయేవాళ్ళకు అడ్డం పడటమే అతని బతుకు. ఆ పనిలో ముక్కు రెండువైపులకూ వంగింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు అతణ్ణి చూసి టోపీ తీసేవారు.

కుమ్మరుల జట్టు యజమాని దోన్ ఫౌస్తినో. ఆయనకు ఉత్తరాన ఎడారి పట్నంలో ఇంకో జట్టు కూడా ఉండేది, రైలోళ్ళ జట్టు. ఒక మనిషికి రెండు జట్లా అని నొసలు ముడవకండి. ఆ రెండూ తలపడితే ఎవరు ఓడినా ఆయనే గెలుస్తాడు. మనలో ఎంతమందికి ఆ సుఖం ఉంది?

బావ ఓ రోజు మంగలి షాపులో సగం తల కత్తిరించుకుని కూర్చుని ఉండగా రేడియోలో వార్త వచ్చింది, ఎలాదియో బుస్తోస్ రైలోళ్ళ జట్టుకు మారాడని. మంగలి కత్తెర ఆపాడు.

"ఒరేయ్, నిన్ను ఉత్తరానికి పంపేశారటరా. అక్కడ ఎండ ఎక్కువ. ఇంకాస్త పొట్టిగా తీసెయ్యనా?"

దయచేసి గమనించండి. ఆ రోజు బావను ఏదైనా అడిగినవాడు ఆ మంగలి ఒక్కడే. బావ తీసెయ్యమన్నాడు. మిగిలిన నిర్ణయాలన్నీ దోన్ ఫౌస్తినో ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేసుకున్నంత తేలిగ్గా ముగించేశారు. సంతకాల బెడద లేదు, కన్నీటి వీడ్కోలు లేదు. తల తుడుచుకుని బస్సెక్కడమే.

ఎడారిలో మా అక్క ఇల్లు కుదుర్చుకుంది. కిటికీలకు తెరలు కుట్టింది, డబ్బాలో నిమ్మమొక్క పెట్టింది, పక్కింటివాళ్ళతో మాటా మంతీ కలిపింది. అంతా కుదురుకున్నాక, ఒక పొద్దున బావ సాధనకు వెళితే మైదానం గేటుకు తాళం వేసి ఉంది. కాపలావాడు అరుగు మీద కూర్చుని తొర్తీయా రొట్టె తింటున్నాడు. జట్టంతా దక్షిణాన సముద్రపు ఊరికి మారిందని, పేరు కూడా మార్చి కొంగల జట్టు అని పెట్టారని అతనే చెప్పాడు. నిన్న రైలోడు, ఇవాళ కొంగ! ఒక్క జన్మలో ఇన్ని అవతారాలు మామూలు మనిషికి సాధ్యమా?

ఈ శుభవార్త మా అక్కకు మాత్రం రుచించలేదు. ఆడవాళ్ళకు క్రీడారంగం లోతుపాతులు తెలియవు. ఆవిడ తెరలు విప్పి మడతపెట్టింది.

"నన్ను కూడా ఎవరూ అడగలేదు," అంది బావతో. "అడక్కుండానే చెప్తున్నా. నేను మా ఊరెళ్ళిపోతున్నా. నువ్వెళ్ళి కొంగవైపో."

అన్నట్టే వచ్చేసింది. మా ఊరి స్టేడియం ఎదురుగా చిన్న భోజనం హోటల్ పెట్టింది. మ్యాచ్ ఉన్న రోజు ఆవిడ పొసోలె కోసం వీధి మలుపు దాకా జనం ఉండేవారు. మొక్కజొన్న గింజలూ పందిమాంసమూ వేసి ఉడికించిన ఆ పులుసు తాగితే ఓడిపోయిన మ్యాచ్ కూడా సగం గెలిచినట్టే ఉండేది. బావ సెలవు దొరికినప్పుడల్లా వచ్చి గిన్నెలు కడిగి వెళ్ళేవాడు. కాపురం చెడకుండా ఉండాలంటే దూరం ఎంత అవసరమో ఇక్కడ అర్థం చేసుకోగలరు.

ఇక అసలు మేలు దగ్గరికి వస్తాను.

ఆ ఏడు చివరి మ్యాచ్ మా ఊళ్ళోనే, కుమ్మరులకూ కొంగలకూ. గెలిస్తేనే మా జట్టు పెద్ద లీగ్‌లో మిగులుతుంది. లేకపోతే కిందికి జారుతుంది. కొంగలకు ఆ మ్యాచ్‌తో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు.

అప్పుడు మా బావ బుద్ధి గడ్డి తింది. తిన్నగా దోన్ ఫౌస్తినో ఆఫీసుకు వెళ్ళి జీవితంలో మొదటిసారి ఒకటి అడిగాడు. ఆ ఒక్క మ్యాచ్‌కూ తనను బెంచి మీద కూర్చోబెట్టమన్నాడు.

దోన్ ఫౌస్తినో కోప్పడలేదు. కాఫీ తెప్పించారు, భుజం మీద చెయ్యి వేశారు.

"చూడు నాయనా," అన్నారు. "నువ్వు నిజాయితీపరుడివి. అందుకే నువ్వు ఆడాలి. ఆడకపోతే జనం ఏమనుకుంటారు? రెండు జట్లూ నావేనని అనుమానపడరూ?"

ఆ గది మూల అద్దాల పెట్టెలో ఒక అట్ట నమూనా ఉంది. ఎత్తు గోడలు, బుల్లి చెట్లు, వరసగా బుల్లి కార్లు. నమూనా ముందు మా స్టేడియం వీధి పేరు. మనకు కొత్త స్టేడియం కడుతున్నారు కాబోలని బావ సంతోషపడి, కాఫీ తాగేసి వచ్చాడు.

మ్యాచ్ ఆడాడు. చివరిదాకా రెండువైపులా గోల్ లేదు. ఇక అయిపోతుందనగా మా కుర్రాడొకడు గోల్‌కీపర్‌ను దాటించి కొట్టాడు. బంతి ఖాళీ గోల్ వైపు దొర్లుతోంది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నేను పక్కన ఉన్న ముసలావిణ్ణి కావలించుకున్నాను కూడా. అప్పుడు ఎక్కడినుంచో ఒక పొడుగాటి కాలు వచ్చి, గీత మీదనుంచి ఆ బంతిని ఆవలకు తన్నేసింది.

ఆ కాలు ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు.

అంతే. మా జట్టు కిందికి జారింది. జనంలోంచి బీరు గ్లాసులు ఎగిరాయి, తిట్లు ఎగిరాయి. బావ నెత్తి మీద బీరు కారుతుండగా మా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం హోటల్ వెనక గిన్నెల దగ్గర కూర్చున్నప్పుడు, ఎందుకలా చేశావని నేను అడిగాను. చేతిలో ఉన్న గిన్నెను రెండుసార్లు కడిగాడు.

"ఏమో బామ్మర్దీ," అన్నాడు చివరికి. "ఆ కాలు కూడా నన్ను అడగలేదు."

మర్నాడు హోటల్ తలుపు మీద ఎవరో ఎర్ర రంగుతో 'ద్రోహి' అని రాశారు. మా అక్క దాన్ని చెరపలేదు. దాని కిందే సున్నంతో 'ఈరోజు పొసోలె' అని రాసి తలుపు తీసింది. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అక్కా బావా ఎదురెదురుగా కూర్చుని ఆ పులుసు తామే తాగారు.

ఆలోగా దోన్ ఫౌస్తినో పత్రికలవాళ్ళ ముందు కళ్ళు తుడుచుకున్నారు. కిందికి జారిన జట్టును నడపడం తనవల్ల కాదన్నారు. జట్టును ఏదో పట్నానికి అమ్మేశారు, స్టేడియం కూలగొట్టించారు. అక్కడ షాపింగ్ మాల్ లేచింది. అద్దాల పెట్టెలో ఉన్నదే, గోడలూ చెట్లూ కార్లూ. చెట్లు మాత్రం ఇంకా రాలేదు.

ఊరంతా ఎవర్ని తిట్టింది? మా బావను. ఇది దోన్ ఫౌస్తినోకు ఎంత మేలో చూడండి! డిఫెండర్ అంటే అడ్డం నిలబడేవాడు. బంతికి నిలబడ్డాడు, తన్నులకు నిలబడ్డాడు, చివరికి యజమానికి తగలవలసిన తిట్లకు కూడా అడ్డం నిలబడ్డాడు. ఇంత పనిమంతుణ్ణి ఏ దేశంలో చూశారు?

కానీ అతనికి నోరు ఆగలేదు. స్థానిక రేడియోకు వెళ్ళి, మ్యాచ్‌కు ముందే తాను ఆ అట్ట నమూనాను చూశానని చెప్పేశాడు. తాను బంతిని ఆపడం నిజమేనని, అందుకు సాకులు లేవని కూడా చెప్పాడు. ఆ తరవాత ఏ జట్టూ అతణ్ణి పిలవలేదు. జట్ల పెద్దమనుషులు భోజనాల బల్ల దగ్గర మర్యాదగా ఒక మాట అనుకున్నారట. కాగితం మీద ఏమీ లేదు. ఆ విధంగా బావకు, మోకాళ్ళు ఇంకా గట్టిగా ఉండగానే, కోరని విశ్రాంతి లభించింది.

ఊరు తన తప్పు ఒప్పుకుందా? ఊళ్ళు అలాంటి పనులు చెయ్యవు. మంగలి ఒక మధ్యాహ్నం వచ్చి ఏమీ ఎరగనట్టు పొసోలె తెమ్మన్నాడు. తరవాత ఇంకొందరు వచ్చారు. ఎవరూ క్షమించమనలేదు గాని అందరూ రెండో గిన్నె అడిగారు. మా అక్క ఆ రెండో గిన్నెలో ముక్కలు తగ్గించి వేసింది. అదే శిక్ష.

మొన్న ఆదివారం ఇటుక బట్టీల వెనక మైదానంలో, మా ఊరివాళ్ళు సొంతంగా పోగేసుకున్న జట్టు మ్యాచ్ ఉంది. మైదానం అంటే దుమ్మే. గీతలు సున్నంతో గీశారు, గాలికి అవీ పోయాయి. బట్టీ మేస్త్రి ప్రిమితీవో మా కెప్టెన్. బావ బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. ప్రిమితీవో అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"అన్నా, నువ్వు ఎక్కడ ఆడతావ్?"

బావ బూట్లు కింద పెట్టాడు. ముందు నావైపు చూశాడు. తరవాత గట్టు మీద కూర్చున్న మా అక్క వైపు చూశాడు. ఆవిడ చేతిలో ఉన్న తొర్తీయాల గుడ్డతోనే కళ్ళు ఒత్తుకుని, దుమ్ము పడిందని నాతో చెప్పింది.

"ముందు," అన్నాడు బావ. "గోల్ కొట్టేచోట."

ఫలితం నేను మొదట్లోనే హెచ్చరించినట్టే అయింది. ఖాళీ గోల్ ముందు బంతి దొరికితే ఇటుకల గుట్ట మీదికి కొట్టాడు. ఇంకోసారి తన్నబోయి తానే పడ్డాడు. పడినవాడు లేవకుండా అక్కడే కూర్చుని నవ్వాడు. ఇన్నేళ్ళలో అతను మైదానంలో నవ్వడం నేను చూడలేదు. వెనక అడ్డం నిలబడేవాడు లేక మేం చిత్తుగా ఓడిపోయాం.

ఆటగాణ్ణి అడిగితే ఇదీ గతి. వచ్చే ఆదివారం కూడా ఎలాదియోను గోల్ కొట్టేచోటే ఆడించాలా అని అడిగి, అవుననేవాళ్ళను ప్రిమితీవో చేతులెత్తమంటే గట్టు మీద ఉన్నవాళ్ళంతా ఎత్తారు. మా ఊరిని ఒకరు ఒక మాట అడగడం ఇదే మొదటిసారి. అందుకే కాబోలు, కొందరు రెండు చేతులూ ఎత్తారు.