ఒక్క బొడిపె తెలిస్తే చాలదూ!

స్పెషలిస్టులను ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషికి ఒక్క విషయమే తెలిసి ఉండటం ఈ కాలం మనకిచ్చిన వరం! మొన్న చెవిపోటని వెళ్తే డాక్టరుగారు లైటు వేసి చూసి, చెవి భేషుగ్గా ఉందనీ, నొప్పి దవడదనీ, దవడలు పై అంతస్తులో చూస్తారనీ చెప్పారు. పై అంతస్తు డాక్టరుగారు దవడ కీలు వరకే తనదనీ, పళ్లు పక్క భవనమనీ అన్నారు. సాయంత్రానికి నొప్పి తగ్గలేదు గానీ ఆసుపత్రి మొత్తం చూశాను. అంత వ్యాయామం ఊరికే వస్తుందా?

అసలు సిసలు స్పెషలిస్టులను చూడాలంటే మాత్రం మా ఆవిడ పనిచేసే ల్యాబుకే వెళ్లాలి. అక్కడ వైరస్‌ను గుర్తుపట్టి అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలని ఉంటాయి. ఒకే ఒక్క కణాన్ని పెంచి, దాని సంతానమంతటిచేతా ఒకే రకం యాంటీబాడీ తయారు చేయిస్తారు. ఆ సంతానాన్నే క్లోన్ అంటారు. దానికి వైరస్ ఒంటిమీద ఒక్క బొడిపె తెలుసు. పక్క బొడిపె సంగతి అడిగి చూడండి, ముఖం తిప్పుకుంటుంది. ఎంత క్రమశిక్షణ!

అడెనోవైరస్‌లో బోలెడు టైపులు. జలుబు తెచ్చేవి కొన్ని, కళ్లు ఎర్రబరిచేవి కొన్ని, కడుపు పాడుచేసేవి కొన్ని. ఏ టైపు ఒంటిమీద ఏ బొడిపె ఉందో, ఏవి ఉమ్మడివో ఈ యాంటీబాడీలతో పోల్చి చూడటం మా ఆవిడ ఉద్యోగం. గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో గుంటకో టైపు వేసి యాంటీబాడీ పోస్తుంది. అది గుర్తుపట్టిన గుంట చివరకు పసుపు రంగుకు తిరుగుతుంది.

వచ్చిన చిక్కల్లా ఆమె సెలవులు మానుకుని మరీ పెంచిన ఒక క్లోన్‌తోనే. దాని యాంటీబాడీ ప్రతి గుంటనూ పసుపు చేసి కూర్చుంది! అన్ని టైపులకూ ఉన్న ఉమ్మడి బొడిపెను పట్టుకుందన్నమాట. డైరెక్టరుగారు పెదవి విరిచారు. తేడా చెప్పలేనిది తనకెందుకన్నారు. ఫ్రీజర్‌లో చోటు లేదు, శుక్రవారం దాన్ని పారెయ్యమన్నారు.

నేను డైరెక్టరుగారి పక్షమే. కనపడ్డ ప్రతివాణ్నీ మనవాడేనంటూ భుజం తట్టే మనిషిని మీ ఆఫీసులో ఉండనిస్తారా? ఆ మాటే మా ఆవిడతో అన్నాను. ఆమె కంచంలో చెయ్యి ఆపేసింది.

"పోల్చడమంటే తేడాలు ఏరడమేనా? అన్నిట్లోనూ మారకుండా ఉన్నదేదో చెప్పేది అదొక్కటేనండీ," అంది. నేను మాత్రం శుభ్రంగా భోంచేశాను.

ఈలోగా డైరెక్టరుగారి కళ్లే ఎర్రబడ్డాయి. ఆయన కంటినుంచి తీసిన నమూనాను కణాల్లో పెంచి, శుక్రవారం నాడు ల్యాబులోని యాంటీబాడీలన్నిటి ముందూ పెట్టారు. జలుబు టైపు స్పెషలిస్టు తనకు తెలియదంది. కడుపు టైపుది ఎరగనే ఎరగనంది. కంటి టైపుది కూడా, ఈ కన్ను తను చూసే కన్ను కాదంది! గుంటలన్నీ నీళ్లలా మిగిలాయి, ఒక్కటి తప్ప.

"ఏ టైపు?" అన్నారు డైరెక్టరుగారు, నల్లకళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంటూ.

"టైపు తెలియదు సార్. మన దగ్గరున్న వాటిలో లేదు. అడెనోవైరస్ అని మాత్రం తెలిసింది. చెప్పింది మీరు పారెయ్యమన్నదే," అంది మా ఆవిడ.

ఆయన నల్లకళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత దాన్ని ఉంచమన్నారు. ఊరికే ఉంచితే పరువు పోదూ? అందుకని దానికి ఉమ్మడి బొడిపెల స్పెషలిస్టని హోదా ఇచ్చి, ఫ్రీజర్‌లో విడిగా ఒక అర కేటాయించారు. మా ఆవిడ ఇంటికొచ్చి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

ఇవాళ నా కళ్లూ ఎర్రబడ్డాయి. కుడికన్ను డాక్టరుగారు శ్రద్ధగా చూసి చుక్కలు రాశారు. ఎడమకన్ను డాక్టరుగారు సెలవులో ఉన్నారట. నాకేం ఫిర్యాదు లేదు, స్పెషలిస్టులు చల్లగా ఉండాలి! ఒక్కటే మనవి. మీ వీధిలో ఎక్కడైనా, ఏమైందని అడిగి మనిషిని మొత్తంగా చూసే డాక్టరు ఒక్కరు మిగిలి ఉంటే, చోటు లేదని పారెయ్యకండి. నా చెవి ఇంకా పోటు పెడుతూనే ఉంది.