హార్లన్ సొంత తూటాలు

ఆ శనివారం పొద్దున హార్లన్ పెట్టుకున్న పని చిన్నదే. పొయ్యిలోకి కట్టెలు కొట్టడం, భార్య వెర్నా వేయించిన గుడ్లు, బంగాళాదుంపలు తినడం, ఆమె బట్టలుతికే గదిలోకి వెళ్ళగానే గుట్టుగా ఒక ఫోను చేసుకోవడం. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

హార్లన్ డ్రైఫోర్కులో రోడ్లు చదును చేసే యంత్రం నడుపుతాడు. మోంటానా కొండల్లో ఉండే ఆ చిన్న ఊళ్ళో మగవాడికి గొప్ప చెప్పుకోవడానికి రెండే ఉన్నాయి: ట్రక్కు, తుపాకి గురి. ట్రక్కు సంగతి ఎలా ఉన్నా, గురి విషయంలో హార్లన్‌కు తిరుగులేదు. వేట కాలానికి ముందు గన్ క్లబ్బు పెట్టే పోటీలో బహుమతిగా ఇచ్చే పొగపెట్టిన పంది తొడ ఏటా అతనింటికే వచ్చేది. ఈ ఏడు మాత్రం అది వెర్నా తమ్ముడు క్లేటన్ ఇంటికి వెళ్ళింది.

క్లేటన్ అంతకు ముందు గడ్డివామును కూడా సరిగ్గా కొట్టలేడని ఊరంతా చెప్పుకునేవారు. అలాంటివాడు ఉన్నట్టుండి చిన్న నాణెమంత చోట తూటాలన్నీ గుచ్చేశాడు. పైగా అవి కొన్న తూటాలు కావు. పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు పోగేసి, తుపాకిమందు నింపి, మళ్ళీ కొత్తగా చేసినవి. అప్పటినుంచి కాఫీ హోటల్లో క్లేటన్ కూర్చున్న బల్ల చుట్టూ జనమే. ఒకరోజు అక్కాబావలను పిలిచి ఆ పంది తొడే కోసి పెట్టాడు. హార్లన్ ప్రతి ముక్కా నవ్వుతూ తిన్నాడు. ప్రతి ముక్కా గొంతులో అడ్డం పడింది.

"ఇంకా కొట్లో కొన్న తూటాలేనా బావా?" అన్నాడు క్లేటన్ జాలిగా. "పోన్లే. అందరికీ అంత ఓపిక ఉండొద్దూ."

ఆ 'పోన్లే' హార్లన్‌కు నిద్ర లేకుండా చేసింది. తనూ ఆ సరంజామా కొనాలి. నేర్చుకోవాలి. క్లేటన్ నోరు మూయించాలి. అందాకా మూడోకంటికి తెలియకూడదు. తెలిస్తే, బావమరిదిని చూసి వాత పెట్టుకున్నాడంటారు. చిక్కల్లా ఎక్కడ కొనాలన్నదే. తపాలాలో తెప్పిద్దామంటే ఉత్తరాలు పంచే ఓపల్ బరువైన పెట్టె కనిపిస్తే చాలు, ఊపి చూసి, వాసన చూసి, దారిలో నలుగురి సలహా అడిగి గానీ ఇవ్వదు. ఊళ్ళో రొవీనా తుపాకుల కొట్టుంది గానీ, దాని ముందు బల్ల మీద కాఫీ కప్పుతో క్లేటన్ పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు.

దాంతో కిందటి వారం బిల్లింగ్స్ నగరంలో ఉన్న పెద్ద దుకాణానికే పోయాడు. ఆ సామాను ఉన్న వరసలోకి తిరిగాడో లేదో, ఎదురుగా గన్ క్లబ్బు అధ్యక్షుడు.

"ఏం హార్లన్, ఏం కొంటున్నావు?"

హార్లన్ పక్క వరసలోకి చెయ్యి చాపి, దొరికినది లాగాడు. అది కుక్క పడుకునే పరుపు.

"ఇదే, ఇదే," అన్నాడు.

డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. వాళ్ళకు కుక్క లేదు.

ఇక మిగిలింది రొవీనాయే. ఆదివారం ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు వెనక తలుపు గుండా వెళ్ళి తెచ్చుకోవాలి. శనివారం ఫోను అందుకోసమే. వెర్నా బట్టలుతికే గదిలోకి వెళ్ళగానే హార్లన్ సరుకుల అలమార పక్కన నక్కి, గొంతు తగ్గించి మాట్లాడాడు. వెర్నా సబ్బుపొడి కోసం వెనక్కి వచ్చింది.

"సింగిల్ అయితే చాలు రొవీనా. ఈ వయసులో కొత్తగా మొదలెడుతున్నా. ఒకేసారి ఎక్కువంటే నావల్ల కాదు... ఆ, డై కూడా కావాలి... నువ్వే దగ్గరుండి చూపించాలి మరి, నాకేం తెలుసు... రేపు అందరూ చర్చిలో ఉంటారుగా, వెనక తలుపు తీసి ఉంచు... అబ్బే, వెర్నాకి చెప్పలా. దానికి చెప్తే క్లేటన్‌కి చెప్పినట్టే."

తూటాలు చేసేవాళ్ళ భాషలో సింగిల్ అంటే, పిడి ఒకసారి లాగితే ఒక్క పనే చేసే, గొట్టాన్ని నొక్కే యంత్రం, ప్రెస్సు. కొత్తవాళ్ళకి అదే మేలు. డై అంటే అందులో బిగించే ఉక్కు అచ్చు. ఇన్నేళ్ళ కాపురంలో వెర్నా దుప్పిమాంసం ఎన్నిరకాలుగానో వండింది గానీ, ఆ పనిముట్ల పేర్లు ఏనాడూ పట్టించుకోలేదు. ఆమెకు తెలిసిన సింగిల్ అంటే తోడులేని మనిషి, తెలిసిన డై అంటే జుట్టుకేసే రంగు. రొవీనా మొగుడు పోయి మూడేళ్ళు. ఎర్ర బూట్లు వేసుకుంటుంది. నవ్వితే వీధి అవతలికి వినిపిస్తుంది.

వెర్నా సబ్బుపొడి తీసుకోకుండానే వెళ్ళిపోయింది. కాసేపాగి వంటింట్లోకి వచ్చి, మొగుడి తల కేసి చూసింది.

"హార్లన్, నీ జుట్టు బాగా నెరిసింది కదూ?"

"ఆ, నెరిసింది. ఏం?"

"ఏం లేదు. నాకు బానే ఉంది. ఎవరికి బాలేదో మరి."

హార్లన్ దీన్ని మెచ్చుకోలనుకుని ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాడు. మధ్యాహ్నం వెర్నా ట్రక్కులో చేతి తొడుగుల కోసం వెతుకుతుంటే సీటు వెనక కుక్క పరుపు దొరికింది. డ్రైఫోర్కులో ఆ పరుపుకు సరిపోయేంత పెద్ద కుక్క ఒక్కటే ఉంది. అది రొవీనాది.

అక్కడినుంచి తిన్నగా తమ్ముడింటికి వెళ్ళింది. క్లేటన్ వరండాలో చేపలు కోస్తున్నాడు.

"మీ బావ రేపు చర్చి ఎగ్గొట్టి ఎక్కడికి పోతున్నాడో తెలుసా? రొవీనా దగ్గరికి. వెనక తలుపు తీసి ఉంచమన్నాడు. దాని కుక్కకి పరుపు కూడా కొన్నాడు."

క్లేటన్ చేతిలో కత్తి జారి బకెట్లో పడింది. "రొవీనానా? మన రొవీనానా?"

"మన రొవీనా ఏంట్రా?"

"అంటే... మన ఊరి రొవీనా." అతని మొహం చేప మొహంలా తెల్లబడింది. "నేను ఇన్నాళ్ళుగా ఆ కుక్కకి బిస్కెట్లే పెట్టానక్కా. పరుపు సంగతి తట్టనేలేదు."

వెర్నా ఆ మాట వినిపించుకునే స్థితిలో లేదు. తనకోసం తమ్ముడెంత బాధపడుతున్నాడోనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆదివారం హార్లన్ పొట్ట పట్టుకుని మంచం మీదే ఉండిపోయాడు. "నువ్వెళ్ళు. నాకు కడుపులో అదోలా ఉంది."

"ఉంటుంది," అంది వెర్నా. ప్రార్థన తర్వాత భోజనాల కోసం చేసిన బంగాళాదుంపల పళ్ళెం పట్టుకెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని చర్చిలో కూర్చుంది.

"హార్లన్ రాలేదేం?" అనడిగారు పాస్టరు గారు.

"కడుపునొప్పి," అంది ఆమె పళ్ళ మధ్యనుంచి.

ఆ అన్న తీరు చూసి పాస్టరు గారు కంగారుపడ్డారు. వేదిక ఎక్కగానే అందరినీ హార్లన్ కోసం ప్రార్థించమన్నారు. ఊరంతా తల వంచి, ఆ మనిషి పొట్టను దేవుడికి అప్పగిస్తుంటే వెర్నా ఇక కూర్చోలేకపోయింది. పాట మధ్యలో లేచి, పళ్ళెంతో సహా బయటికి నడిచింది.

"ఆ మొహం చూశారా?" అంది ఓపల్ పక్కవాళ్ళతో. "అపెండిక్సు పగిలిపోయి ఉంటుంది." ఆమె లేచింది. ఆమెతో పాటు చర్చంతా లేచింది. ముందు హార్లన్ ఇంటికి వెళ్ళారు. మంచం ఖాళీ, ట్రక్కు లేదు. ఆసుపత్రికి తనే నడుపుకుంటూ పోయి ఉంటాడని అటు బయల్దేరితే, దారిలో రొవీనా కొట్టు వెనక ఆ ట్రక్కే కనిపించింది. నొప్పి ఆగక మధ్యలోనే ఆపేశాడు పాపం, అనుకుని కార్లన్నీ ఆగాయి.

అంతకు కాస్త ముందే వెర్నా అక్కడికి చేరింది. వెనక తలుపు నిజంగానే ఓరగా తీసి ఉంది. లోపలినుంచి రొవీనా గొంతు.

"తొందరెందుకు? మెల్లగా లాగు. నా చెయ్యి ఎలా వెళ్తోందో చూడు. ఆ, అలా."

"ఇన్నేళ్ళూ అనవసరంగా పోగొట్టుకున్నా రొవీనా," అంటున్నాడు హార్లన్ పారవశ్యంగా.

వెర్నా మోకాలితో తలుపు తోసింది. సరిగ్గా అప్పుడే ముందు తలుపు గంట గణగణమంది. పువ్వుల గుత్తితో, ఉన్న ఒక్క కోటూ తొడుక్కుని క్లేటన్ ఊడిపడ్డాడు. పనిబల్ల దగ్గర హార్లన్ ఒక ఇనప పిడి పట్టుకుని ఉన్నాడు. దాని మీద రొవీనా చెయ్యి. కొత్త పరుపు మీద కుక్క హాయిగా పడుకుని ఉంది.

"సిగ్గులేదూ?" అంది వెర్నా.

"ఉంది," అన్నాడు హార్లన్, బావమరిది వైపు చూస్తూ. "అందుకేగా వెనకనుంచి వచ్చా."

"నీకు అక్క ఉంది కదా బావా!" అని అరిచాడు క్లేటన్. "ఇంత మంచి అక్క! మళ్ళీ రొవీనా ఎందుకు నీకు?"

"నీకొక్కడికే నేర్పాలా? ఊళ్ళో తూటాలన్నీ నువ్వే చెయ్యాలా?"

"ఏం తూటాలు? నాకసలు ప్రెస్సే లేదు!" క్లేటన్ పువ్వులతో బల్లను బాదాడు. "ఆ తూటాలన్నీ రొవీనా చేసినవే! నేనిక్కడికి వచ్చేది నేర్చుకోడానికి కాదు. ఊరికే కూర్చోడానికి. ఆవిణ్ణి చూస్తూ కూర్చోడానికి!"

వెనక గుమ్మంలో ఎవరో పెద్దగా నిట్టూర్చారు. అది ఓపల్. ఆమె భుజాల మీదుగా పాస్టరు గారు, ఆయన వెనక పాటల బృందం పొడుగు అంగీలతో సహా.

రొవీనా నవ్వలేదు. మొదటిసారి ఆ ఊరు ఆమె నవ్వని మొహం చూసింది.

"ఆ ముక్క చెప్పడానికి రెండు చలికాలాలు పట్టిందా క్లేటన్? తూటాల మీద పిచ్చి అనుకుని నీకు డబ్బాలకి డబ్బాలు చేసిచ్చా. వేళ్ళు కాయలు కాశాయి. ముందే చెప్పుంటే ఇద్దరం తీరిగ్గా కాఫీ తాగేవాళ్ళంగా?"

క్లేటన్ రేకులు రాలిపోయిన పువ్వులు చాపాడు. ఆమె అందుకుంది.

వెర్నా మొగుడి వైపు, ఇనప పిడి వైపు, మళ్ళీ మొగుడి వైపు చూసింది. "సింగిలంటే ఇదా?"

"మరేమనుకున్నావు?"

"డై అంటే?"

హార్లన్ ఉక్కు అచ్చు తీసి చూపించాడు. వెర్నా పళ్ళెం పక్కన పెట్టి, పనిబల్ల పక్కనున్న కుర్చీలో కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. హార్లన్‌కు మాత్రం నవ్వు రాలేదు. క్లేటన్‌ది వట్టి డాబేనని తేలి ఒక్క క్షణం గాల్లో తేలినట్టయింది. మరుక్షణమే ఇంకోటి వచ్చి మనసులో కూర్చుంది.

"అయితే నేను ఓడిపోయింది నీ పనితనానికా రొవీనా? వీడు గురి పెట్టినా తగిలేంత బాగా చేశావా? వీడికే ఎందుకు చేశావు? నాకూ చెయ్యొచ్చుగా! సరే, ఈ సామానంతా కట్టెయ్. వచ్చే ఏడు నీకంటే బాగా చేస్తా."

రొవీనా బల్ల మీదున్న ప్రెస్సును హార్లన్‌కు అందకుండా పక్కకి జరిపింది. "నీకు అమ్మను."

"ఏం?"

"సామానుదేముంది, పెట్టె ఎక్కడైనా దొరుకుతుంది. ఏదన్నా అడిగితే నిజం చెప్పేవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి కొత్తవాళ్ళు. అడిగావు గనక చెప్తున్నా. ఈ పనికి మనసు కుదురుగా ఉండాలి. నీ కన్నెప్పుడూ పక్కవాడి బల్ల మీదే. మందు కొలత తప్పితే తుపాకి చేతిలోనే పేలుద్ది. నీ ఉసురు నాకొద్దు."

అంతలో పక్కనుంచి చిన్న చప్పుడు వినిపించింది. నవ్వడం అయిపోయిన వెర్నా కళ్ళు తుడుచుకుని, ఒక ఖాళీ గొట్టం ప్రెస్సులో పెట్టి, ఇందాక తలుపు బయట విన్నట్టే పిడి మెల్లగా లాగుతోంది. తీసి, వెలుతురుకు తిప్పి చూసుకుని, ఇంకోటి పెట్టింది.

"బావుంది ఇది," అంది. "బుర్ర ఖాళీ అవుతోంది."

రొవీనా ఆమె చేతుల వైపు కాసేపు చూసింది. "నీకైతే అమ్ముతా."

ఆ రోజు భోజనాలు చర్చిలో కాక కొట్లోనే జరిగాయి. పాస్టరు గారు రెండుసార్లు బంగాళాదుంపలు వడ్డించుకుని, హార్లన్ పొట్ట బాగుపడినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పారు.

ఇప్పుడు వాళ్ళింటి నేలమాళిగలో వెర్నాకు సొంత పనిబల్ల ఉంది. ఆమె దాని ముందు కూర్చున్నప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు, కిందికి దిగకూడదు. శుక్రవారాలు రొవీనా కూడా వస్తుంది. కిందనుంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తుంటే హార్లన్ మెట్ల తలుపు దగ్గర చెవి పెట్టి, తన గురించేమోనని కాసేపు నిలబడి, మళ్ళీ వంటింట్లోకి వస్తాడు. నవంబరులో వెర్నా తూటాలతోనే బలమైన దుప్పిని కొట్టాడు. కాఫీ హోటల్లో జనం అతని బల్ల చుట్టూ చేరి, ఎక్కడ కొన్నావంటూ అడిగారు.

"కొనడమేంటి, మేం ఇంట్లోనే చేసుకుంటాం," అన్నాడు హార్లన్.

అందులో తన వంతేమిటని ఎవరూ అడగలేదు, పైన గిన్నెలు కడగడమేనని అతనూ చెప్పలేదు.