పావు వంతు పొట్టేలు కొమ్ములు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. నరీన్ ఊరి కాలేజీలో పదకొండేళ్లుగా పిల్లలకి కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్పుతున్నాను. వీధిలో అందరూ నన్ను గీతల కుబాన్ అంటారు. పేరు నిలబెట్టుకుందామనే ఇదంతా నెత్తికెత్తుకున్నాను.

మేనకోడలి పెళ్లికి మా ఆవిడ సల్కిన్, షిర్దక్ అనే ఉన్ని తివాచీ తలపెట్టింది. వేసవంతా తొక్కి దళసరి చేసిన ఉన్ని పరుపులు, ఎర్రదొకటి, నల్లదొకటి. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి పొట్టేలు కొమ్ముల ఆకారంలో కత్తిరించి, ఎరుపులో నలుపు, నలుపులో ఎరుపు పొదిగి కుట్టాలి. ఆ కుట్టడంలో సగం ఏటా నా మెడకే చుట్టుకుంటుంది. చలికాలం అయ్యేసరికి నా వేళ్లు జల్లెడ.

"సుద్దముక్కతో వారం రోజులు గీస్తావే, ఆ పొట్టేలు కొమ్ముల్ని నా ప్రోగ్రాం క్షణంలో గీసేస్తుంది," అన్నాను.

"గీస్తే?"

"ఈ ఏడు సూది ముట్టను."

"గీయకపోతే?"

"తివాచీ అంతా నేనే కుడతా!"

నా నోటికి తాళం వేసేవాళ్లు లేరు. సల్కిన్ నాకింకో కప్పు టీ పోసింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కొమ్ముల లెక్కలన్నీ రాసి, తెర మీద చూసుకోకుండానే, కాలేజీలో తివాచీ అంత కాగితం మీద అచ్చు తీయించాను. ఆదివారం అత్తగారు, ఇద్దరు వదినలు ఉన్ని కోసే కత్తులు నూరుకుని వచ్చారు. వాళ్ల ముందు కాగితపు చుట్టని పెళ్లికొడుకంత దర్జాగా విప్పాను.

పై ఎడమ మూల ఒక్క కొమ్ము. మిగతా అంతా తెల్ల కాగితం.

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. "అల్లుడూ, మిగతా మంద మేతకెళ్లిందా?"

బడిలో గ్రాఫు కాగితానికి సున్నా నడిమధ్యన ఉంటుంది. కంప్యూటర్ తెరకి పై ఎడమ మూలన ఉంటుంది. అక్కణ్ణించి కుడికీ కిందికీ లెక్కపెడుతుంది. సున్నాకి ఎడమనున్నవీ పైనున్నవీ అంచు దాటి మాయమైపోతాయి. నేనేమో సున్నా నడిమధ్యన ఉందనుకునే కొమ్ముల లెక్కలు రాశాను. ఏటా మొదటి పాఠం ఇదే చెబుతాను. మరిచిపోయినవాణ్ణి నిలబెడతాను. ఆ రోజు నేనే నిలబడ్డాను.

"కాలేజీకెళ్లి మళ్లీ తీయించుకొస్తా!"

"ఆదివారం తాళం, మాస్టారూ," అంది సల్కిన్.

వేసవంతా తొక్కిన ఉన్ని, అటు పెళ్లి, ఇటు నా పందెం. అన్నీ పోయేలా ఉన్నాయి. సల్కిన్ మాత్రం ఆ ఒక్క కొమ్మునీ కత్తిరించి, ఉన్ని మీద ఒక పక్క పెట్టి చుట్టూ సుద్ద గీసింది. కాగితం తిరగేసి పక్కన గీసింది. మళ్లీ తిప్పి కింద రెండుసార్లు. పది నిమిషాల్లో మంద అంతా తిరిగొచ్చింది.

"మేమెప్పుడూ పావే గీసి తిప్పుకుంటాం," అంది ఒక వదిన.

"మరి ఏటా వారం రోజులు గీస్తారే?" అన్నాను.

"గీతకి పది నిమిషాలు. మిగతా వారం మా కబుర్లకి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే గీత నాదేగా! నేను గెలిచినట్టే!"

"గెలిచారు, పావు," అంది సల్కిన్. "కాబట్టి పావు తివాచీ మీరు కుట్టక్కర్లేదు. ముప్పావు కుట్టండి."

అత్తగారు అప్పటికే సూదిలో దారం ఎక్కించేసింది. ఏటా నా వాటా సగమే.

"ఎక్కణ్ణించి మొదలెట్టాలి?" అన్నాను పీలగా.

సల్కిన్ పై ఎడమ మూల చూపించింది. "మీ సున్నా ఉండేది అక్కడేగా. కూర్చోండి."