ఎవరినీ ఇబ్బంది పెట్టని గంట

మా సంస్థ తయారుచేసిన చేతిగంట ఎవరినీ ఇబ్బంది పెట్టదని నిర్ధారణ అయినందున, బొమ్మల శుద్ధి విభాగానికి ఈ ఏటి ఉత్తమ విభాగం బిరుదు దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నేను ఆ విభాగంలోనే పనిచేస్తాను. నాకూ ఒక శాలువా వచ్చింది.

చేతిగంట అంటే రోగి మణికట్టుకు కట్టే చిన్న డబ్బా. రోగి మీట నొక్కితే, వైరు అవసరం లేకుండా, నర్సు బల్ల మీద గంట మోగాలి. అందుకోసం డబ్బాలో తరంగాలు పంపే, వెంట్రుకంత సన్నని రాగి తీగ మెలికలు తిరిగి ఉంటుంది. ఉండేది అనాలి.

దీన్ని మొట్టమొదట కట్టించుకునే భాగ్యం మా విభాగాధిపతి తల్లికే దక్కింది. ఆవిడ తుంటి విరిగి ఆస్పత్రిలో ఉంది. ఒకరు పట్టుకోనిదే మంచం దిగలేదు. మంచినీళ్లకైనా మరుగుకైనా ఆవిడకు ఆ గంటే దిక్కు.

మా పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఏ వస్తువునైనా తయారుచేసే ముందు దాని బొమ్మ కంప్యూటర్లో గీస్తారు. దాని తరంగాలు ఎంత దూరం పోతాయో, పక్కనున్న గుండె యంత్రాలను తికమక పెడతాయో లేదో ఆ బొమ్మ మీదే లెక్క కడతారు. బొమ్మను ఉన్నదున్నట్టు ఇస్తే లెక్క తెమలదు. ప్రతి స్క్రూ దగ్గరా, ప్రతి ఒంపు దగ్గరా, డబ్బా మీద చెక్కిన సంస్థ పేరులో ప్రతి అక్షరం దగ్గరా కంప్యూటర్ ఆగి ఆలోచిస్తుంది. అందుకని లెక్కకు పనికిరానివి తీసేసి బొమ్మను నున్నగా చెయ్యాలి. తీసేసినందుకే మాకు జీతాలు.

ఈ పని మనుషులు చెయ్యడం వెనకబాటుతనమని పైవాళ్లకు తోచింది. చూసి నేర్చుకునే యంత్రాన్ని తెచ్చారు. పాత బొమ్మల్లో మేం దేన్ని ఉంచామో, దేని మీద ‘అక్కర్లేదు’ అని గుర్తు పెట్టామో చూసి అది మా విద్య పట్టేస్తుందట. పట్టేసింది. గురువుల్ని అంతగా నమ్మిన శిష్యుణ్ణి నేను మా ఊరి బళ్లో కూడా చూడలేదు.

పాఠాలుగా ఇచ్చినవన్నీ శనివారం సాయంత్రం పూర్తయిన బొమ్మలు. మిగతా రోజుల్లో మా విభాగంలో ఏదీ పూర్తికాదు. శనివారం మాత్రం లెక్క తెమిలితేనే ఇంటికి వదులుతారు. కాబట్టి లెక్కకు అడ్డొచ్చిన ప్రతిదాన్నీ ‘అక్కర్లేదు’ అనేవాళ్లం. స్క్రూలు పోయేవి, సందులు పోయేవి, ఒకసారి ఒక యంత్రానికి తలుపే పోయింది. ఇంట్లో ఎదురుచూసే మనిషి లేని నాబోటివాడు కూడా అందరికంటే ముందు మెట్లు దిగేవాడు. ఇదంతా చూసి యంత్రం ఒక్క సూత్రం గ్రహించింది: ఆలస్యం చేసేది అక్కర్లేనిది.

చేతిగంటలో అన్నిటికంటే ఆలస్యం చేసేది రాగి తీగ.

శుద్ధి అయిన బొమ్మ చూసి, తీగ గీసిన ఇంజనీరమ్మ అధిపతి గదికి వచ్చింది.

“సార్, తీగ కనపడట్లేదు.”

“యంత్రం అక్కర్లేదంది కదమ్మా.”

“దానికేం తెలుసు సార్?”

“మనకు తెలిసిందంతా దానికి తెలుసు. మనమేగా నేర్పింది.”

“తీగ లేకపోతే గంట మోగదు సార్.”

“ముందు లెక్క రానీ. అప్పుడే అపశకునాలెందుకు?”

లెక్క చిటికెలో వచ్చింది. గుండె యంత్రాలకు కలిగే ఇబ్బంది సున్నా. రోగి ఒంట్లోకి పోయే తరంగాలు సున్నా. రెండింటికీ చప్పట్లు మోగాయి. నర్సు బల్లకు చేరే కబురు కూడా సున్నాయే. మొదటి రెండు సున్నాలను మెచ్చుకున్న నోటితో మూడో సున్నాను కించపరచడం సభ్యత కాదని ఎవరూ మాట్లాడలేదు. ఇంజనీరమ్మను క్యాంటీన్ కుర్చీల విభాగానికి పంపారు. కుర్చీలకు తీగలుండవు.

శుద్ధి చేసిన బొమ్మ లెక్క కోసమే. వస్తువును మాత్రం అసలు బొమ్మ చూసి తయారుచెయ్యాలి. ఇది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. చైర్మన్ గారు దాన్ని సంస్కరించారు. “నెగ్గిన బొమ్మను పక్కనపెట్టి, పరీక్షే రాయని బొమ్మను తయారుచేస్తారా? మన విలువలేం కావాలి?” అని సభలో అడిగారు. ఫ్యాక్టరీ నున్నటి డబ్బాలు చేసి పంపింది. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

ప్రారంభోత్సవం నాడు పెద్దావిడ మీట నొక్కింది. ఫొటో కోసం నర్సు ముందే మంచం పక్కన నిలబడి ఉంది కాబట్టి, నర్సు వచ్చినట్టే లెక్క వేశారు. “నిశ్శబ్దమే సేవ” అని చైర్మన్ గారు ప్రసంగించారు. అందరూ కాఫీకి వెళ్లారు.

మర్నాడు అధిపతి తల్లిని చూడబోయాడు. ప్రారంభోత్సవంలో కప్పిన శాలువాతోనే వెళ్లాడు. వెంట పళ్ల బుట్ట మోస్తూ నేనున్నాను. ఆవిడ దుప్పటి తడిసి ఉంది.

“ఏమ్మా, గంట నొక్కకపోయావా?”

“వేలు అరిగేట్టు నొక్కాన్రా. ఒక్కరూ రాలేదు.”

“మోగే ఉంటుంది. నీకు సరిగ్గా వినపడదుగా.”

“నాకు వినపడదు సరే. వాళ్లక్కూడా వినపడదా?”

“లెక్క ప్రకారం ఇది బ్రహ్మాండంగా ఉందమ్మా.”

“అయితే దుప్పటి కూడా లెక్కే ఆరబెడుతుందిలే. వెళ్లు.”

అతను దుప్పటి వంక చూశాడు. చేతిలో ఉన్న కాగితాల వంక చూశాడు. కాగితాలు పొడిగా ఉన్నాయి. వాటినే నమ్మాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆవిడ స్టీలు గ్లాసుతో మంచం కమ్మీ మీద కొట్టడం మొదలుపెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. అది చూసి వార్డంతా గ్లాసులందుకుంది. ఈ మోత గుండె యంత్రాల పక్కనున్నవాళ్లకు ఇబ్బందని ఆస్పత్రి మాకు రాసింది. వార్డు బొమ్మ గీసి మా యంత్రానికే ఇచ్చారు. అది గ్లాసుల మీద ‘అక్కర్లేదు’ అని గుర్తు పెట్టింది. వాటి బదులు కాగితం కప్పులొచ్చాయి. గుర్తు సంగతి చెప్పి తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకున్నది కొడుకే.

“నా మీద కూడా ఆ గుర్తేదో పెట్టించరా, పనైపోతుంది” అందావిడ. అతను నవ్వాడు. అమ్మకు చమత్కారం ఎక్కువని నాతో అన్నాడు.

ఇప్పుడు వార్డు ప్రశాంతంగా ఉంది. గంట గురించి ఫిర్యాదులున్నవాళ్లు గంట నొక్కి నర్సును పిలిచి చెప్పుకోవచ్చని గోడ మీద రాయించాం. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. బిరుదు అందుకే వచ్చింది.

ఆవిడ పక్క మంచం ఖాళీ అయింది. మీరు చేరదలిస్తే మీ మణికట్టు కొలత తెలిపితే చాలు.