దాహం వేయని వనం

"ఇకమీదట మన విశ్వవిద్యాలయంలో ఏ మొక్కకూ దాహం వేయదు" అని మా వైస్ ఛాన్సలర్ వెంకటకృష్ణారావు గారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు పులిహోర పొట్లాలు విప్పుతూనే రాసుకున్నారు. ఏ మొక్కా ఖండించలేదు.

అది 2003 ఏప్రిల్. మా ప్రాంగణం ఇబ్రహీంపట్నం దాటాక, హైవే పక్కన ఉంటుంది. పరిపాలనా భవనం ముందున్న మూడెకరాల తోట 'సస్టెయినబుల్ హైటెక్ గ్రీన్ స్పేస్' కాబోతోంది. నేలలో ఎనిమిది సెన్సర్లు పాతుతారు. మట్టిలో తడి ఎంతుందో అవి కంప్యూటర్‌కు చెబుతాయి. తడి తగ్గితే కంప్యూటరే స్ప్రింక్లర్లు తిప్పుతుంది. అంతా సౌరశక్తితో. మనిషి చెయ్యి తగలదు. జూన్ అయిదున, పర్యావరణ దినోత్సవం నాడు, మంత్రిగారు ప్రారంభిస్తారు. ఆ రోజుతో తోటమాలి రూతు సేవలు గౌరవప్రదంగా ముగుస్తాయి.

రూతు పన్నెండేళ్ళుగా రోజుకూలి మీద ఆ తోటకు నీళ్ళు పోస్తోంది. ఆమెను పర్మనెంటు చేయాలన్న ఫైలు ఆరేళ్ళుగా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. ఆమె కాలేదు గాని, ఫైలు మాత్రం అక్కడ పర్మనెంటు అయింది.

నేను సైకాలజీ శాఖాధిపతిని. శాఖలో ఇంకెవరూ లేరు కాబట్టి ఆ పదవికి పోటీ లేదు. నా గది కిటికీ తోటవైపు తెరుచుకుంటుంది. మనుషులతో మాట్లాడటం కంటే వాళ్ళను కిటికీలోంచి చూడటం నాకు హాయి. అందువల్లే ఈ మహత్కార్యాన్ని మొదటినుంచీ చూసే భాగ్యం కలిగింది.

ముందుగా పదకొండు కానుగ చెట్లు కొట్టేశారు. సోలార్ పలకల మీద వాటి నీడ పడుతోందట. హరితవనానికి చెట్లు అడ్డం వస్తాయని అంతవరకు మాలో ఎవరికీ తట్టలేదు. దూరదృష్టి అంటే అదీ.

మే మొదటి వారంలో హైదరాబాదు కంపెనీ ఇంజనీరు హర్షవర్ధన్ సెన్సర్లు తెచ్చాడు. ఒక్కోటి పెన్ను అంత ఉంది. స్టోర్ కీపర్ రామకోటేశ్వరరావు గారు వాటిని చూసి చెమట తుడుచుకున్నారు. ఫారిన్ సరుకు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పద్దెనిమిది నెలలుంది. అంతకుముందు ఒక మైక్రోస్కోపు పోతే ఆయన మీద మూడేళ్ళు ఎంక్వయిరీ నడిచింది.

"వీటిని ఆరుబయట మట్టిలో పెట్టి ఇంటికెళ్ళమంటావా బాబూ? పొద్దున వచ్చేసరికి ఉంటాయా?"

"మట్టిలో పెడితేనే పనిచేస్తాయి సార్."

"నీకు కావాల్సింది మట్టే కదా. మట్టి నేనిస్తాను."

ఎనిమిది పూలకుండీల్లో తోట మట్టి నింపించి, తలా ఒక సెన్సర్ గుచ్చి, కంప్యూటర్ ఉన్న ఏసీ గదిలో వరసగా పెట్టించారు. గదికి రెండు తాళాలు. రెండు తాళంచెవులూ ఆయన మొలతాడుకే. హర్షవర్ధన్ ఏదో అనబోయాడు. కాని అన్నీ సవ్యంగా బిగించాడని రాసే కాగితం మీద సంతకం చేయాల్సింది కూడా రామకోటేశ్వరరావు గారే. కాబట్టి కుండీలకే వైర్లు కలిపాడు.

రామకోటేశ్వరరావు గారిది జాలిగుండె. రోజూ పొద్దున తాళాలు తీసి, ఒక్కో కుండీకి స్టీలు గ్లాసుడు నీళ్ళు పోసి, ఆ తర్వాతే హాజరుపట్టీలో సంతకం పెట్టేవారు. కంప్యూటర్ తెర మీద తోట తడి ఎనభై రెండు శాతం. రంగు ఆకుపచ్చ. స్ప్రింక్లర్లు ఒక్కసారీ తిరగలేదు. ఒక్క బొట్టు ఖర్చు కాకుండా వనం పచ్చగా ఉందని వీసీ గారు పత్రికలకు మళ్ళీ ప్రకటన ఇచ్చారు.

రూతు గొట్టం పట్టుకుని వెళితే సెక్యూరిటీ వాళ్ళు ఆపారు. చేత్తో నీళ్ళు పోస్తే డేటా పాడవుతుందని సర్క్యులర్ వచ్చింది.

రోహిణి కార్తె వచ్చింది. గడ్డి ముందు పసుపు రంగుకు తిరిగింది, తర్వాత గోధుమ రంగుకు, ఆ తర్వాత పేరు లేని రంగుకు. ఉద్యోగులు గుసగుసలాడుకున్నారు. వీసీ గారు నన్ను పిలిపించారు.

"డాక్టరు గారూ, తెర మీద పచ్చగా ఉంది. బయట కొంతమందికి ఎండినట్టు కనపడుతోందట. ఇది మీ సబ్జెక్టే కదండీ?"

మూడు పేజీల రిపోర్టు రాశాను. రంగు వస్తువులో ఉండదనీ, చూసే మనసులో ఉంటుందనీ, మార్పంటే భయపడేవారికి పచ్చనిది ఎండినట్టు తోచవచ్చుననీ. విడివిడిగా చూస్తే ఏ వాక్యాన్నీ తప్పు పట్టలేరు. సంతకం పెడుతున్న నా చేతిని మరెవరి చేతినో చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. చక్కటి సంతకం. ఎండినట్టు కనపడేవారికి కౌన్సెలింగ్ అవసరమని చివర్లో సూచించాను.

మొదటి కేసుగా రూతును పంపారు.

"కూర్చోమ్మా. ఏమిటి సమస్య?"

"తోట ఎండిపోయినట్టు కనపడతందండి."

"ఎప్పట్నించి?"

"నీళ్ళు ఆపిన కాడి నించండి."

రాసుకున్నాను. ఆమె కాసేపు కిటికీలోంచి చూసింది.

"పచ్చగా ఉందంటే నా ఫైలు కదులుద్దాండి?"

మనసు కుదురుగా ఉందని నేను సర్టిఫికెట్ ఇస్తే ఏ ఫైలుకైనా మంచిదేనన్నాను.

"అయితే పచ్చగానే ఉందని రాసుకోండి. రెండు బక్కెట్లు మాత్రం పోసుకోనియ్యండి సార్. చచ్చిపోతన్నయ్."

పూర్తిగా నయమైందని రాశాను. బక్కెట్ల సంగతికి ఫారంలో గడి లేదు.

జూన్ అయిదున మంత్రి సూర్యప్రకాష్ గారు గన్నవరంలో విమానం దిగి వచ్చారు. ఎండ నలభై ఆరు. అయ్యగారు బయట నిలబడరని పీఏ ముందే చెప్పడంతో ప్రారంభోత్సవం ఏసీ గదిలోనే పెట్టారు. తోటలో షామియానా కింద పార్టీ కార్యకర్తలు, బ్యాండు మేళం, బిర్యానీ డేగిశాలు. గదిలో ముందుగా రూతుకు శాలువా కప్పి వీడ్కోలు పలికారు. తర్వాత మంత్రిగారి చూపు కుండీల మీద పడింది. వాటిలో గడ్డి మూరెడు ఎత్తు పెరిగింది. ఒకదాంట్లో టమాటా కూడా కాసింది.

"ఇదేనా వనం?"

వీసీ గారు ఒక్క క్షణం ఆలోచించారు. "తమరు చూస్తున్నదే సార్."

"మూడెకరాలని పేపర్లో చదివానే?"

"టెక్నాలజీతో కుదించామండి."

మంత్రిగారు ముగ్ధులయ్యారు. రాష్ట్రంలోని ప్రతి విశ్వవిద్యాలయానికీ ఎనిమిది కుండీలు మంజూరు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు అయ్యాక, నీళ్ళు ఎలా వస్తాయో చూపించమన్నారు. మట్టి ఎండితేగాని రావని హర్షవర్ధన్ విన్నవించాడు.

"అయితే ఎండబెట్టండి."

అందరం ఫైళ్ళు తీసుకుని కుండీలకు విసిరాం. పార్టీ జిల్లా అధ్యక్షుడు మోకాళ్ళ మీద కూర్చుని నోటితో ఊదారు. అయిదు నిమిషాలు గడిచాయి. తెర మీద ఎనభై రెండు.

గుమ్మం దగ్గరున్న రూతు లోపలికి వచ్చింది. సెన్సర్లు ఒక్కొక్కటే పీకి, కప్పిన శాలువాతో శుభ్రంగా తుడిచింది.

తెర ఎర్రబడింది. బయట మూడెకరాల్లో స్ప్రింక్లర్లన్నీ ఒక్కసారిగా లేచాయి. కుర్చీల కింది నుంచి, డోళ్ళ మధ్య నుంచి, డేగిశాల పక్క నుంచి నీళ్ళు చిమ్మాయి. మొదట కేకలు వినపడ్డాయి. తర్వాత ఎవరూ అక్కడి నుంచి కదల్లేదు. క్లారినెట్ ఆయన వాయిద్యంలోంచి నీళ్ళు ఒంపేసి మళ్ళీ అందుకున్నాడు. కార్యకర్తలు చొక్కాలు విప్పి గంతులు వేశారు. హాస్టలు పిల్లలు సబ్బులతో పరిగెత్తుకొచ్చారు. ఎలా వెళ్ళానో తెలియదు, నేనూ వాళ్ళ మధ్యలో ఉన్నాను, కళ్ళజోడుతో సహా తడిసిపోయి నవ్వుతూ. ఈ స్థితికి సైకాలజీలో పేరుంది. ఆ క్షణాన గుర్తురాలేదు.

మంత్రిగారు కిటికీ అద్దం వెనకనుంచి చూసి, జనస్పందన బాగుందన్నారు.

ఆ తర్వాత వీసీ గారు రూతును ఒంటరిగా పిలిచి మాట్లాడారు. రోజూ తెల్లవారుజామున రావాలి. రామకోటేశ్వరరావు గారు తాళం తీస్తారు. సెన్సర్లు పీకి తుడిచి, పావుగంట ఆగి మళ్ళీ గుచ్చాలి. ఎవరూ రాకముందే వెళ్ళిపోవాలి. వానలు పడేసరికి తోట కళ్ళు చెదిరేంత పచ్చగా అయింది. డిసెంబరులో ఢిల్లీ నుంచి అవార్డు వచ్చింది, తోటమాలి లేని తొలి వనంగా.

రూతు మళ్ళీ అర్జీ పెట్టుకుంది. వనానికి తోటమాలి లేనందున పర్మనెంటు ప్రశ్న తలెత్తదని రిజిస్ట్రార్ జవాబిచ్చారు. ఆమె ఇంకో అర్జీ పెట్టింది. ఆ అర్జీతో సహా ఆమెను నా గదికి పంపారు. పైన రిజిస్ట్రార్ ఎర్రసిరాతో రాసిన రెండు వాక్యాలు: 'ఈమెకు తాను ఇక్కడ పనిచేస్తున్నట్టు అనిపిస్తోంది. కౌన్సెలింగ్ ఇవ్వగలరు.'

కిటికీ అవతల పచ్చిక మెరుస్తోంది. ఆమె పమిట చెంగు ఇంకా తడిగా, మట్టి మరకలతో ఉంది. నేను ఫారం తీశాను.

"కూర్చోమ్మా. ఎప్పట్నించి అనిపిస్తోంది?"

"పన్నెండేళ్ళ నించండి."