కిటికీ పక్క బల్ల

మూడో అంతస్తు మొగుడూ పెళ్ళాలు శనివారం శనివారం పిలవని పెళ్ళిళ్ళకు పోయి తినొస్తున్నారని కింద వాటా దండోరా పిన్ని పాలవాడితో అందట. పాలవాడు ఇస్త్రీ అమ్మితో అన్నాడట. ఇస్త్రీ అమ్మి ఆ మాట మడత చెడకుండా తెచ్చి, బట్టలతో పాటు మూడో అంతస్తు ఇల్లాలి చేతిలోనే పెట్టింది.

అందులో పెళ్ళి ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం.

ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ మహానగరంలో ఎంతెత్తు మేడలున్నాయో అన్నిటి పొట్టలోకీ దూరి చూసినవాడు. అమ్మానాన్న ఏం పేరు పెట్టారో గానీ, వాటాల్లో వాళ్ళంతా ఆయన్ని 'వచ్చేనెల' అనే అంటారు. ఏదడిగినా కాదనడు మహానుభావుడు. వచ్చేనెల అంటాడు. కాదన్న మొగుడితో పోట్లాడొచ్చు. సరేనన్న మొగుడితో ఏమని పోట్లాడేది?

ఆవిడ దర్జీ కొట్లో కాజాలు కుడుతుంది. పని అయ్యాక బస్సు దిగి ఇంటికొచ్చే దారిలో ఒక చిన్న హోటలుండేది. నాలుగంటే నాలుగు బల్లలు. బండ్లు తోలేవాళ్ళూ, చదువుకునే పిల్లలూ తినే చోటు. కిటికీ పక్కన ఒక బల్లా రెండు కుర్చీలూ. ఆవిడ కోరికంతా ఆ బల్ల మీదే ఉండేది.

"ఒక్క పూట నేను కూర్చోవాలి, ఇంకెవరైనా వడ్డించాలి. అంతేనండీ" అనేది.

"ఓస్, అదెంతసేపు. వచ్చేనెల పోదాం" అనేవాడు.

పిసినారితనం కాదు. ఇంటి పక్కనే ఉంది, ఎక్కడికి పోతుందిలే అని ధీమా. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. అలా అలా ఆవిడ తలలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చేశాయి గానీ, ఆ నెల మాత్రం రాలేదు.

చివరికి ఒకనాడు ఆవిడ గరిటె కింద పెట్టింది. విసరలేదు. విసిరితే ఆయన భయపడేవాడు కాడు. మెల్లగా పెట్టింది.

"ఈ శనివారం నేను వండను."

సరిగ్గా ఆ వారమే ఆయన ఒక ఆర్టు గ్యాలరీలో లిఫ్టు బాగుచేస్తున్నాడు. తలుపు సందులోంచి చూస్తే, తెల్లగోడలకు ఏవో బొమ్మలు. వాటి ముందు జనం. జనం మధ్య పళ్ళేలు. పళ్ళేల్లో రొట్టెముక్క, దాని మీద జున్నుముక్క, దాని మీద దిష్టిచుక్కలా ఒక ఆకు. ఎవరూ ఎవర్నీ నువ్వెవరని అడగట్లేదు. కొత్త బొమ్మలు పెట్టినప్పుడల్లా ఇంతేనని కాపలాదారు చెప్పాడు. ఆయన బుర్రలో లైటు వెలిగింది. లిఫ్టులో మాత్రం ఇంకా వెలగలేదు.

శనివారం పెళ్ళాన్ని ముస్తాబు చేయించి తీసుకెళ్ళాడు.

"ఇదేం హోటలండీ?" అంది ఆవిడ, గోడలు చూస్తూ.

"కొత్తరకం. బొమ్మలు చూస్తూ తినాలి. చూస్తే ఆకలి పుడుతుందని పెట్టారు."

"ఆ బొమ్మ చూస్తే వాంతి పుట్టేలా ఉంది."

"అది పక్క గదిలో వాళ్ళకి. నువ్విటు చూడు."

"కూర్చోవడానికి కుర్చీల్లేవే?"

"కూర్చుంటే ఎక్కువ తింటారని."

"మరి బిల్లు?"

"అదంతా వచ్చేనెల" అన్నాడు, ఒక్కసారికి ఆ మాట పనికొచ్చినందుకు మురిసిపోతూ.

అలా శనివారాలు గడిచాయి. ఈ గ్యాలరీ కాకపోతే ఆ గ్యాలరీ. బస్సు ఇటు రెండు, అటు రెండు మారితే గానీ దొరకని గ్యాలరీలు. ఆయన పళ్ళేల వెనక, పాలిచ్చే ఆవు వెనక దూడలా తిరిగేవాడు. ఏ బొమ్మ ముందు నిలబడితే పళ్ళెం ముందొస్తుందో కనిపెట్టాడు. ఆ బొమ్మలో ఏముందో మాత్రం కనిపెట్టలేదు. ఆవిడ ఒక్కొక్కదాని ముందూ నిలబడి, కాజా చూసినట్టు దగ్గరికెళ్ళి చూసేది. ఒకసారి ఉత్త నీలం రంగు పూసిన గుడ్డ ముందు చాలాసేపు నిలబడిపోయింది.

"ఏముందందులో?" అన్నాడు, నోట్లో జున్ను అటు నెట్టి.

"ఏమీ లేదు. హాయిగా ఉంది."

ఆయనకు అర్థం కాలేదు. అడగడానికి నోరు ఖాళీ లేదు.

ఒక సాయంత్రం ఆవిడ పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మూసేశారండీ."

"ఏంటి?"

"మన హోటలు. షట్టరు దించేశారు. లోపల బల్లలు కూడా లేవట."

"ఇంకోటి తెరుస్తారులే" అన్నాడు. ఆ ముక్క ఎందుకన్నానా అని తర్వాత చాలా రోజులు అనుకున్నాడు. అప్పుడు మాత్రం ఈ శనివారం ఏ గ్యాలరీ అని ఆలోచిస్తున్నాడు.

ఆ శనివారం గ్యాలరీ పెద్దది. పళ్ళేలూ పెద్దవి. ఆయన జేబురుమాలు కూడా తెచ్చాడు, ఆదివారానికి పనికొస్తుందని. రుమాల్లో నాలుగు జున్నుముక్కలు చేరాయో లేదో, గది మధ్యలో గోల మొదలైంది.

"అమ్మా, లేవండి. అది కూర్చునేది కాదు" అంటున్నాడు కాపలాదారు.

"కుర్చీ కూర్చునేది కాకపోతే మరేంటి బాబూ?" అంటోంది ఒక గొంతు. బాగా తెలిసిన గొంతు.

గది మధ్యలో చుట్టూ తాడు కట్టి ఒక పాత బల్లా రెండు కుర్చీలూ పెట్టారు. ఒక కుర్చీలో ఆయన పెళ్ళాం. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ ఉండాల్సిన వైపు చూస్తూ కూర్చుంది. ఇలాంటి చోట్ల పెళ్ళాం దొరికిపోతే మొగుడు ముందుకెళ్ళాలి. ఈయన తేలు కుట్టిన దొంగలా స్తంభం వెనక్కి వెళ్ళాడు.

ఆ బల్లా కుర్చీల్ని ప్రదర్శనకు పెట్టిన అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మూతపడ్డ చిన్న హోటళ్ళ సామాను కొని, కడగకుండా అలాగే చూపించడం ఆ పిల్ల కళ.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఇది మా వీధి చివర హోటల్లో బల్ల" అంది ఆవిడ. "ఇదిగో అంచున వేడిగిన్నె కాల్చిన మచ్చ. ఆ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టేవాళ్ళు. మీరు తీసేసినట్టున్నారు, ఊగుతోంది."

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే రోజూ అక్కడే తినేవారా?"

"లేదమ్మా. రోజూ చూసేదాన్ని."

"ఒక్కసారి కూడా తినలేదా? ఎందుకని?"

"అది మా ఆయన్ని అడగాలి. ఇక్కడే ఎక్కడో తింటూ ఉంటాడు."

గదిలో తలలన్నీ తిరిగాయి. స్తంభం సన్నగా ఉంది, ఆయన లావుగా ఉన్నాడు. కంగారులో రుమాలు జారింది. జున్నుముక్కలు నాలుగూ నున్నటి నేల మీద దొర్లి, ఒక పెద్దాయన బూటు దగ్గర ఆగాయి. ఆ పెద్దాయన ఇదీ ప్రదర్శనలో భాగమేనేమోనని ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి శ్రద్ధగా చూశాడు.

బొమ్మల పిల్ల ఇంకేమీ అడగలేదు. అట్టపెట్టె చించి, మడిచి, బల్లకాలు కింద తనే పెట్టింది. ఒక పళ్ళెం తెప్పించి ఆవిడ ముందు తనే వడ్డించింది. మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఆవిడ నెమ్మదిగా తిన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపి చూశారు. కొందరు పళ్ళేలు కింద పెట్టేశారు.

మన మెకానిక్కు ధైర్యం కూడగట్టుకుని తాడు ఎత్తి, రెండో కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"మీరు కూర్చోకండి" అంది ఆ పిల్ల.

"నేను ఆవిడ మొగుణ్ణమ్మా."

"అందుకే. ఆ కుర్చీ ఖాళీగా ఉంటేనే సరిగ్గా ఉంది."

ఆయన తాడు అవతల నిలబడ్డాడు. అన్ని శనివారాల్లో ఆయన ఒక బొమ్మను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. పెళ్ళాం ఎంత చిన్నచిన్న ముద్దలు తింటుందో, ముద్దకీ ముద్దకీ మధ్య ఎలా ఆగుతుందో ఆయనకు అంతకుముందు తెలీదు. ఇంట్లో ఆవిడ తినడానికి కూర్చునేసరికే ఆయన చెయ్యి కడిగేసుకునేవాడు.

ఇంటికెళ్ళే బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరికాయి.

"అది హోటలు కాదని నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మొదటి రోజే. చెయ్యి కడుక్కునే చోటు లేని హోటలుంటుందా ఎక్కడైనా?"

"మరి ప్రతివారం ఎందుకొచ్చావు?"

"మీరు రమ్మన్నారని. మీరు నన్ను ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సు వాళ్ళ వీధి మలుపు తిరిగింది. దించిన షట్టరు మీద అప్పుడే ఎవరో రంగుల దుకాణం పేరు రాసుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రేపే పోదాం. వచ్చేనెల కాదు, రేపే. పెద్ద హోటలు. నువ్వెక్కడంటే అక్కడ. నేనే వడ్డిస్తా, కావాలంటే."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"ఆకలైనప్పుడు అడిగాను."